గోదారి గట్టు మీద జపాను బళ్ళు

హైదరాబాదు వైపు వెళితే రోడ్డు మీద కనబడే నడితరం సరుకుల బండినల్లా "డీసీఎం" అంటారు. పెళ్ళివారు డీసీఎం ఎక్కుతారు, గొర్రెలు డీసీఎం ఎక్కుతాయి, మర్నాడు పేపర్లో "డీసీఎం బోల్తా" అని పడుతుంది. అదే బండి మన గోదావరి జిల్లాల్లోకి దిగేసరికి "ఐషర్" అయిపోతుంది. దాని ముఖాన టాటా అని రాసి వున్నా సరే, లేలాండు అని రాసి వున్నా సరే, "ఐషర్ని రమ్మనండి, కాయలెత్తాలి" అంటాడు కొబ్బరి రైతు. పిలిచినవాడికీ తెలుసు, వచ్చినవాడికీ తెలుసు, కాయలు వెళ్ళిపోతాయి. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, నకలు తీసే ప్రతి యంత్రమూ జిరాక్సు అయినట్టు, ఇదీ ఒక వాడుక. ఇందులో తప్పు పట్టడానికేముంది?

ఏమీ లేదు, ఆ బండి చెడిపోయే వరకూ. లేదా దాన్ని అమ్ముకోవలసి వచ్చే వరకూ. అప్పుడు స్పేర్ పార్టుల కొట్టువాడు, బేరగాడు, రవాణా ఆఫీసు గుమాస్తా ముగ్గురూ ఒకే ప్రశ్న వేస్తారు: "అసలు ఇది ఏ బండి?" ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోయిన ఒక ఫిజిక్సు విద్యార్థి సంగతి చెబుతాను. కథ అనుకున్నా సరే, లెక్క అనుకున్నా సరే.

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. మన తరానికి నమ్మశక్యం కాదు గాని, మన దేశం చాలా కాలం మోటారు బళ్ళ విషయంలో తలుపులు మూసుకుని కూర్చుంది. బయటినుంచి బండి తెప్పించాలంటే లైసెన్సు కావాలి, సుంకం బండి ఖరీదుని మించిపోతుంది. లోపల తయారు చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ వాళ్ళు. కారు అంటే అంబాసిడరు, అది బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. లేదా ప్రీమియర్ పద్మిని, అది ఇటలీవారి ఫియట్ 1100. లారీ అంటే టాటా, లేదా లేలాండు. టాటావారు 1954లో జర్మనీ మెర్సిడెస్ బెంజివారితో చేతులు కలిపారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ముక్కు మీద నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది. అయినా మా తాత ఇప్పటికీ టాటా లారీని "బెంజి లారీ" అనే అంటాడు. కంపెనీ పోయినా పేరు పోకపోవడం మనకి కొత్త కాదన్నమాట.

ఈ మూసిన తలుపు 1980ల మొదట్లో కొంచెం తెరుచుకుంది. అందులోంచి లోపలికి వచ్చినవాళ్ళు జపానువాళ్ళు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన సంగతి అందరికీ తెలుసు. దాని వెనకాలే నాలుగు చిన్న లారీలు వచ్చాయన్నది చాలామంది మరిచిపోయారు. నాలుగూ జపాను సంతానమే. నాలుగింటికీ ఇక్కడి ఇంటిపేర్లు పెట్టారు.

మొదటిది డీసీఎం టొయోటా. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు! ఆ మిల్లువారు టొయోటాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూరులో 'డైనా' అనే బండిని తయారుచేశారు. రెండోది ఐషర్ మిత్సుబిషి. ఐషర్ జర్మనీలో ట్రాక్టర్లు చేసిన అన్నదమ్ముల ఇంటిపేరు. ఆ పేరుతో మన దేశంలో ట్రాక్టర్లు చేస్తున్న కంపెనీ 1982లో మిత్సుబిషితో ఒప్పందం చేసుకుని, 1986 నుంచి మధ్యప్రదేశ్‌లోని పీతంపూరులో 'క్యాంటర్' బండిని చేసింది. మూడోది స్వరాజ్ మజ్దా, పంజాబులో ట్రాక్టర్లు చేసే కంపెనీ మజ్దాతో కలిసి పెట్టింది. నాలుగోది మనది: ఆల్విన్ నిస్సాన్. ఫ్రిజ్జులూ, గడియారాలూ, బస్సుల బాడీలూ చేసిన హైదరాబాదు ఆల్విన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థగా వున్న రోజుల్లో, మెదక్ జిల్లా జహీరాబాదులో నిస్సాన్ 'క్యాబ్‌స్టార్' బండిని చేసింది.

ఇక్కడ ఒక తమాషా చూడండి. హైదరాబాదుకి పట్టుమని మూడు గంటల దూరం లేని జహీరాబాదులో తయారైన బండి పేరు హైదరాబాదువాళ్ళ నోట్లో నిలవలేదు. ఎక్కడో ఢిల్లీ పక్కన తయారైన బండి పేరు నిలిచిపోయింది. డీసీఎం టొయోటా 1990ల మధ్యలో కొరియావారి దేవూ చేతికి పోయింది, ఆ తరవాత ఆ కంపెనీయే లేకుండా పోయింది. కాని ఈ రోజు తెలంగాణ పల్లెలో ఒక రైతు "డీసీఎం మాట్లాడినా" అంటే, తనకి తెలియకుండానే ఢిల్లీ బట్టల మిల్లు పేరు తలుస్తున్నాడు.

మూసిన దేశంలోకి జపాను బళ్ళు రావడం మనకొక్కరికే జరిగిన సంగతి కాదు. మన పక్కనే బర్మా వుంది. మన యానానికి ఆనుకుని వున్న కోరంగి రేవునుంచి ఎందరో ఓడలెక్కి రంగూను వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళని "కోరంగీలు" అనే పిలిచేవారు. యానాంలో ఫ్రెంచి జెండా దిగి, మనం ఇండియాతో కలిసిన 1954 నవంబరు నెలలోనే, జపాను ప్రభుత్వం బర్మాకి యుద్ధ నష్టపరిహారం ఇచ్చే ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ పరిహారం సొమ్ముతో 1960లలో అక్కడ హినో లారీలూ, మజ్దా చిన్న బళ్ళూ బిగించే కార్ఖానాలు వచ్చాయి. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుని దేశం తలుపులు మూసింది. మన తెలుగువాళ్ళలో చాలామంది చేతిసంచులతో తిరిగివచ్చారు. ఆ హినోలూ, ఆ చిన్న నీలం మజ్దా టాక్సీలూ మాత్రం అక్కడే దశాబ్దాల తరబడి తిరిగాయి.

ఉత్తర కొరియా సంగతి మరీ విచిత్రం. వాళ్ళ సొంత లారీ 'సుంగ్రి 58' అనేది రష్యావారి గాజ్ 51కి నకలు. అది చాలక జపాను నుంచి పాత లారీలూ, కార్లూ ఓడల్లో తెచ్చుకునేవారు. 2006లో అణుపరీక్ష జరిగాక జపాను ఆ ఓడల రాకపోకలు ఆపింది, 2009లో ఎగుమతులన్నీ ఆపేసింది. అప్పటికే వచ్చినవి వచ్చాయి. బయటివాళ్ళు ఆ దేశపు ఫొటోలు పట్టుకుని, మూలదీపం ఆకారం చూసి ఇది ఇసుజు, ఇది మిత్సుబిషి అని పోల్చుకుంటారు. అన్నిటికన్నా తేలికైన గుర్తు స్టీరింగు. జపానులో బళ్ళు రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగు కుడివైపు వుంటుంది. ఉత్తర కొరియాలో బళ్ళు కుడివైపు నడుస్తాయి. కాబట్టి అక్కడ స్టీరింగు కుడివైపున్న బండి కనబడితే, అది ఎక్కడ పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. బర్మాలోనూ అంతే. 1970లో వాళ్ళు ఎడమనుంచి కుడికి మారారు, బళ్ళు మారలేదు. బస్సు దిగేవాళ్ళు నడిరోడ్డులోకి దిగవలసి వచ్చేది.

మనకి ఆ గుర్తు పనికిరాదు. జపానూ మనమూ ఒకే వైపు నడుస్తాం. అందుకే జపాను బండి మన రోడ్డు మీదికి వచ్చి ఏ మార్పూ లేకుండా ఇట్టే కలిసిపోయింది. పోల్చుకోవడం కష్టమయింది కూడా అందుకే.

మన డెల్టాకి ఈ చిన్న లారీ సరిగ్గా అతికినట్టు సరిపోయింది. కాలవ గట్టు మీద రోడ్డు ఎంత వెడల్పుంటుందో మనకి తెలుసు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చేలు, మధ్యన ఎదురొచ్చే ఎడ్లబండి. పెద్ద లారీ అక్కడ దిగితే మళ్ళీ ఎక్కదు. ఈ బళ్ళకి ముక్కు వుండదు. డ్రైవరు ఇంజను మీదనే కూర్చుంటాడు. అంచేత బండి పొడవు తగ్గుతుంది, సరుకు పట్టే చోటు తగ్గదు. కొబ్బరితోట గట్టుదాకా వస్తుంది, రొయ్యల చెరువు దాకా వస్తుంది. 1990లలో రొయ్య మన ప్రాంతాన్ని ఊపేసినప్పుడు ఐసు పెట్టెలతో రాత్రికి రాత్రి పరిగెత్తినవి ఈ బళ్ళే. యానాం నుంచి అవతల ఎదుర్లంకకి వంతెన 2002లో గాని రాలేదు. అంతవరకు గౌతమిని పంటు మీద దాటడమే. చిన్న బండిని పంటు ఎక్కించి దాటించేవారట. పెద్ద లారీ అయితే చుట్టూ తిరిగి రావులపాలెం మీదుగా రావలసిందే. "పంటు మీదికి ఎక్కిందంటే అది మన బండి, ఎక్కకపోతే అది ఊరి బయటి బండి" అంటాడు మా నాన్న.

ఇంత అనుకూలమైన బళ్ళు ఎందుకు నిలదొక్కుకోలేదు? నాలుగు కంపెనీలకీ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. మొదట భాగాలు జపాను నుంచి తెచ్చుకున్నా, ఏటేటా ఇక్కడ తయారీ పెంచుకుంటూ పోవాలి. ఆ భాగాలకి డబ్బు యెన్లలో కట్టాలి. 1985 సెప్టెంబరులో న్యూయార్కులోని ప్లాజా హోటల్లో అయిదు దేశాలవాళ్ళు కూర్చుని డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి డాలరుకి సుమారు 240 యెన్లు. 1988 నాటికి సుమారు 130కి వచ్చింది. అంటే యెన్ను దాదాపు రెట్టింపు బలిసింది. మనవాళ్ళు తెచ్చుకునే ప్రతి నట్టూ బోల్టూ ఖరీదెక్కి కూర్చుంది. సరిగ్గా ఆ సమయంలోనే, 1986లో, టాటావాళ్ళు సొంతంగా చేసిన 407 బజార్లోకి దింపారు. దాని విడిభాగాలు ప్రతి సందులోనూ దొరికాయి. న్యూయార్కు హోటల్లో పెట్టిన సంతకం జహీరాబాదు కార్ఖానాని కుదిపింది. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతిలోకి వెళ్ళింది. జహీరాబాదు కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది గాని ఆల్విన్ పేరూ లేదు, నిస్సాన్ పేరూ లేదు. ఐషర్ ఒక్కటే పేరు నిలబెట్టుకుంది, మిత్సుబిషి పేరు వదిలేసుకుంది. స్వరాజ్ మజ్దా 2011లో ఎస్.ఎం.ఎల్. ఇసుజు అయ్యింది. 2025లో అదీ మహీంద్రా ఇంటికే చేరింది.

ఇప్పుడు మా ఇంటి సంగతికొస్తాను.

మాది మెట్టకూరు. రెండెకరాల వరిచేను, గట్టు మీద కొబ్బరిచెట్లు. ఆ రాబడితో ఇల్లు గడవదని మా నాన్న పదేళ్ళ కిందట ఒక పాత వ్యాను కొన్నాడు. పి.వై. 04 నంబరు, అనగా యానాం రిజిస్ట్రేషను. 2004 మోడలు. మా చేతికొచ్చేసరికి మూడు చేతులు మారింది. ఒకాయన ముందు జాలీ మార్చాడు, ఇంకొకాయన తలుపులు మార్చాడు, మూడో ఆయన నిలువెల్లా పసుపురంగు కొట్టించి ముందద్దం పైన కులదైవం పేరు రాయించాడు. ఎక్కడా కంపెనీ పేరు లేదు. ఊరంతా "ఐషర్" అన్నారు, మేమూ అన్నాం. ఆర్.సి. పుస్తకంలో మాత్రం స్వరాజ్ మజ్దా అని వుంది. ఆ పుస్తకం అమ్మ బీరువాలో పట్టుచీరల కింద వుంటుంది, ఎవరు చూస్తారు?

నా ఇంటరూ, డిగ్రీ ఫీజులూ, చెల్లెలి హాస్టలు ఖర్చూ ఆ బండి మీదనే వెళ్ళాయి. రాత్రి పదకొండుకి కాకినాడ నుంచి తిరిగొస్తున్న దాని చప్పుడు వింటే తప్ప మా అమ్మకి నిద్ర పట్టేది కాదు. 15 ఏళ్ళు దాటిన సరుకుల బళ్ళకి ఫిట్‌నెసు రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. దానికి తోడు నిరుడు ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. నాన్న అమ్మేద్దామనుకున్నాడు.

బేరగాడొకడు వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆర్.సి. పుస్తకం చూశాడు, బండి కిందికి వంగి చూశాడు, పెదవి విరిచాడు.

"ఇది మజ్దా ఇంజను కాదండీ. ఎవడో ఐషర్ ఇంజను ఎక్కించేశాడు. కాగితాలకీ బండికీ పొంతన లేదు. ఇలాంటి బండి ఎవరు కొంటారండీ? పాత ఇనుము కింద అయితే చెప్పండి, తూకమేసి పట్టుకుపోతాను."

అలా మార్చడం మన వైపు కొత్త కాదు. ఇంజను పాడైతే చేతికందినది ఎక్కించేస్తారు. కాని మార్చినప్పుడు ఆర్.సి.లో ఆ మార్పు రాయించాలి. రాయించకపోతే ఆ బండి చట్టం దృష్టిలో దొంగబండితో సమానమైపోతుంది. ఇంజను మీద వుండవలసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. నంబరు చెక్కి వుండవలసిన చోట మందంగా తుప్పు, దాని మీద ఇరవై ఏళ్ళ ఆయిలు జిడ్డు. సముద్రానికి దగ్గరగా వున్నవాళ్ళకి ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

ఆ మాటకి నాన్న ఏమీ అనలేదు. ఆయన మొహం చూస్తే డబ్బు పోతుందన్న బాధ కన్నా, "పదేళ్ళు దొంగబండి నడిపానా" అన్న అవమానం ఎక్కువ కనబడింది. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

మర్నాడు బండిని మేస్త్రిగారి షెడ్డుకి తోలుకెళ్ళాం. మేస్త్రిగారికి అరవై దాటాయి. అయిదో తరగతితో చదువు ఆపి, కాకినాడలో ఈ జపాను బళ్ళు కొత్తగా దిగిన రోజుల్లో కుర్రవాడిగా పానాలు అందించాడు. ఆయన ఇంజను చప్పుడు విన్నాడు. ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు.

"ఇది మజ్దాయేనండి" అన్నాడు నాన్నతో.

"ఎలా చెప్పగలవు మేస్త్రీ?" అన్నాడు నాన్న.

"ఎలాగంటే ఏం చెప్పనండీ! మీ ఆవు అరిస్తే మీకు తెలీదా?"

నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను. కాని బేరగాడు నమ్మాలి, ఆఫీసువాళ్ళు నమ్మాలి. "చెవికి తెలిసింది కాగితం మీద చూపించడం ఎలా మేస్త్రిగారూ?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఆ పని నీది బాబూ. కాలేజీ చదువు చదువుతున్నావు కదా. ఎలాగూ పొగకోసం హెడ్డు విప్పాలి. విప్పాక చూసుకో. మజ్దాకీ ఐషర్‌కీ బోరు ఒకటే. స్ట్రోకులోనే వుంది కిటుకంతా" అన్నాడు.

బోరు అంటే సిలిండరు అడ్డుకొలత. స్ట్రోకు అంటే పిస్టను పైనుంచి కిందికి దిగే దూరం. ఈ రెండూ తెలిస్తే ఇంజను ఎన్ని సి.సి.లో చెప్పేయవచ్చు. పదో తరగతిలో నేర్చుకున్న స్థూపం ఘనపరిమాణం లెక్కే అది. పై ఆర్ స్క్వేర్ హెచ్. పరీక్షలో రెండు మార్కులకి వచ్చే లెక్క.

హెడ్డు విప్పారు. మేస్త్రిగారి వెర్నియరు తీసుకుని బోరు కొలిచాను. 100 మిల్లీమీటర్లు, అరుగుదల వల్ల వెంట్రుకవాసి ఎక్కువ. తరవాత క్రాంకుని చేత్తో తిప్పించి, పిస్టను పూర్తిగా పైకొచ్చినప్పుడు ఒకసారీ, పూర్తిగా కిందికి దిగినప్పుడు ఒకసారీ లోతు కొలిచాను. రెంటికీ తేడా 110 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లలోనూ కొలిచాను. ప్రాక్టికల్ పరీక్షలో కూడా అన్ని రీడింగులు ఎప్పుడూ తీసుకోలేదు.

లెక్క మీరూ చెయ్యండి. సిలిండరు వ్యాసం 10 సెంటీమీటర్లు, కాబట్టి అడ్డుకోత వైశాల్యం 78.54 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 11తో గుణిస్తే 863.94. నాలుగు సిలిండర్లకి 3455.8. ఆర్.సి. పుస్తకంలో క్యూబిక్ కెపాసిటీ గడిలో వున్న అంకె 3455.

అదే మిత్సుబిషి నుంచి వచ్చిన ఐషర్ ఇంజను అయితే బోరు 100, స్ట్రోకు 105. లెక్క వేస్తే 3298 వస్తుంది. రెండు ఇంజన్లకీ మధ్య తేడా అయిదు మిల్లీమీటర్లు, అంటే మన వేలిగోరు సగం. జపానులో రెండు వేర్వేరు కంపెనీల ఇంజనీర్లు ఏనాడో బల్లల మీద గీసుకున్న ఆ అయిదు మిల్లీమీటర్లు, ఎన్ని రంగులు పూసినా, ఎన్ని తలుపులు మార్చినా, ఎవరు ఏ పేరుతో పిలిచినా చెక్కుచెదరకుండా మా బండి పొట్టలో వుండిపోయాయి.

ఆ కొలత మాకొక ధైర్యం ఇచ్చింది. ఇంజను అసలుదే అయితే నంబరు కూడా అక్కడే వుండాలి కదా! కిరసనాయిలుతో నానబెట్టి, గరుకు కాగితంతో నాన్నా నేనూ వంతులవారీగా రుద్దాం. మొదటి పూట ఏమీ తేలలేదు. రెండో పూట ఒక అంకె మెరిసింది, దాని పక్కన ఇంకొకటి. చీకటి పడేవేళకి నంబరంతా తేలింది. నాన్న ఆర్.సి. పుస్తకం పట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాడు. నేను టార్చి వేసి ఒక్కొక్కటే ఇంజను మీద చూసి "ఆయ్" అన్నాను. చివరి అంకె కూడా కలిసింది. నాన్న పుస్తకం మూసి, చేతులు తుడుచుకోకుండానే బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మేస్త్రిగారు బీడీ ముట్టించి, "చెప్పానా!" అని మాత్రం అన్నాడు.

బండిని అమ్మేశాం. రిపేరు చేయించి, అదే బేరగాడికి కాకుండా తుని వైపు నుంచి వచ్చిన ఒక బెల్లం వర్తకుడికి అమ్మాం. వచ్చిన డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. తూకానికి రావలసిన దానికి మూడింతలు వచ్చింది. కాని కాగితం మీద "స్వరాజ్ మజ్దా" అని రాసి, దాని పేరుతో దాన్ని పంపించాం. అది వెళ్ళిపోయిన వారం రోజులు మా అమ్మ రాత్రి పదకొండయ్యేసరికి లేచి కూర్చునేది.

ఈ వ్యవహారమంతటిలో నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఒకటుంది. మేస్త్రిగారి చెవి చెప్పిందీ, నా వెర్నియరు చెప్పిందీ ఒకే నిజం. ఆయన దాన్ని ఒక్క నిమిషంలో పట్టుకున్నాడు, నాకు ఒక పూట పట్టింది. అయినా ఆయన మాట షెడ్డు గుమ్మం దాటదు, నా అంకె ఆఫీసు దాకా వెళుతుంది. ఆయన జ్ఞానానికి కాగితం లేదు. ఇలాంటివాళ్ళు కాకినాడలో, రాజమండ్రిలో, తాడేపల్లిగూడెంలో ఒక్కొక్క షెడ్డులో ఒక్కొక్కరు మిగిలారు. వాళ్ళ పిల్లలు సెల్‌ఫోన్ కొట్లు పెట్టుకున్నారు, అందులో తప్పు లేదు. కొత్త బళ్ళకి కంప్యూటరు తగిలిస్తే జబ్బేమిటో అదే చెబుతుంది. పాత బళ్ళు ఒక్కొక్కటే తుక్కు కింద పోతున్నాయి. ఆ బళ్ళు పోయేలోగా, వాటి చప్పుడు తెలిసినవాళ్ళు పోయేలోగా, ఎవరో ఒకరు కూర్చుని రాసుకోవద్దా? ఏ ఇంజనుకి ఎంత స్ట్రోకు, దేని గేరుపెట్టె దేనికి సరిపోతుంది, రొయ్యల రోజుల్లో ఏ బండి ఎన్ని ఐసు పెట్టెలు మోసింది, పంటు మీద ఏ బండి ఎక్కేది. చరిత్ర పుస్తకాల్లో ఇవి రావు. కాని మన అమ్మానాన్నల ముప్ఫై నలభై ఏళ్ళ బతుకు ఈ బళ్ళ మీదనే నడిచింది.

మన యానాం వాళ్ళకి ఈ సంగతి ఇంకొంచెం బాగా అర్థం కావాలి. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి నేల. చాలా కాలం మన వూరే ఒక మూసిన దేశం. 1954 తరవాత కూడా పటంలో మనం గోదావరి ఒడ్డునే వున్నా, కాగితాల మీద పుదుచ్చేరి. మన బండికి పి.వై. నంబరు, గట్టు దాటితే ఏ.పి. నంబరు. నంబరు పలక ఎక్కడ రాయించుకున్నారో చెబుతుంది గాని, ఎక్కడ పుట్టిందో, ఎవరిని మోసిందో చెప్పదు. బండికయినా మనిషికయినా అంతే కదా!

మిత్రులారా, ఈసారి వంతెన మీద నిలబడి గాలి పీల్చుకుంటున్నప్పుడు, ఎదుర్లంక వైపు నుంచి కొబ్బరికాయల లోడుతో ఒక పాత వ్యాను మూలుగుతూ ఎక్కివస్తే కాస్త చెవి పెట్టండి. అది ఐషరో, మజ్దావో, ఎక్కడైనా మిగిలి వుంటే మన జహీరాబాదు నిస్సానో! మీకు తెలియకపోతే ఆ డ్రైవరుని ఆపి అడగండి. కోప్పడడు. ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదని సంతోషిస్తాడు. చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే ఏడాది సావనీరులో అచ్చు వేద్దాం.